అక్క సెట్టింగులు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. ఈ మాట ఇప్పుడు ధర్మవరంలో మా వీధిలో అంటే జనం మొహం మీదే నవ్వుతారు. పోయిన ఏడాది పట్టపగలు, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా, నా కొట్లోంచి నేను వీధిలోకి పరిగెత్తడం వాళ్ళంతా చూశారు మరి.

అంతకుముందు నవ్వే వంతు నాది. ఎవరైనా మగ్గానికి నిమ్మకాయ కడితే దాంతో పులిహోర చేసుకోమనేవాణ్ణి. అమావాస్య నాడు కొత్త పడుగు ఎక్కించం అనే వాళ్ళకు "అనుమానం పెనుభూతం" అని పాఠం చెప్పేవాణ్ణి. కంప్యూటర్ డిప్లొమా చదివినవాణ్ణి కదా, ఆ మాత్రం టెక్కు ఉండేది.

ఇదంతా రాయడం నాకు సిగ్గుగా ఉంది. పరిగెత్తినందుకు కాదు. ఆ సిగ్గు వారం రోజులు ఏడిపించి పోయింది. ఇది వేరే సిగ్గు, పోవడం లేదు.

మా ఊరి పట్టుచీరల సంగతి అందరికీ తెలిసిందే. చీర మీద నెమలో చిలకో రావాలంటే మగ్గం మీద జకార్డు అనే సాధనం ఉండాలి, జకార్డుకు బొక్కలు కొట్టిన అట్టలు ఉండాలి. ఆ అట్టల దండ ఒక్కో అట్టా తిరిగేకొద్దీ కింద చీరలో ఒక్కో పోగుగా బొమ్మ పెరుగుతుంది. అట్టలు కొట్టి ఇచ్చే చిన్న కొట్టు మాది. మా అక్క సుజాత, నేను, ఇద్దరమే ఉండేవాళ్ళం.

పెద్ద కొట్ల వాళ్ళకు డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మాది పాత పంచింగ్ మిషన్. దానికి మామూలు టెక్స్ట్ ఫైల్ ఇస్తే చాలు. ఫైల్లో ఒక వరుస అంటే ఒక అట్ట. ఇంటూ గుర్తు ఉన్న చోట బొక్క, చుక్క ఉన్న చోట ఖాళీ. ఆ ఇంటూలను, చుక్కలను ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో సరిచేసుకునేవాళ్ళం. బొమ్మలు, బటన్లు ఏమీ లేని నల్ల తెర అది. అలవాటైతే చేతికి దానంత వేగం ఇంకోటి లేదు. అక్కకు దాన్ని నేర్పింది నేనే. కొన్నాళ్ళకే నన్ను దాటిపోయింది.

ఈ ఎడిటర్ తెరుచుకునేటప్పుడు ఒక సెట్టింగుల ఫైలు చదువుకుంటుంది. అక్షరాలు ఏ రంగులో ఉండాలి, ఏ మీట నొక్కితే ఏం జరగాలి, అన్నీ అందులో రాసి పెట్టుకోవచ్చు. ఉన్న ఒక్క కంప్యూటర్ మీద ఇద్దరం పనిచేసేవాళ్ళం కాబట్టి ఎవరి ఫైలు వాళ్ళం రాసుకున్నాం. ఎడిటర్ పేరు కొట్టి, పక్కన మైనస్ యు అని పెట్టి, ఫైలు పేరు ఇస్తే ఆ సెట్టింగులే లోడ్ అవుతాయి. పేరు బదులు నన్ అని ఇస్తే ఎవరివీ లోడ్ కావు. ఒట్టి నల్ల తెర, తెల్ల అక్షరాలు వస్తాయి. ఇంతవరకు అర్థమైతే చాలు, మిగతాదంతా దీని మీదే నడిచింది.

నావి పచ్చ అక్షరాలు. అక్కవి ముదురు పసుపు. పైగా కర్సర్ ఏ వరుస మీద ఉంటే ఆ వరుస మొత్తం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నీలం పట్టీలా వెలిగేట్టు పెట్టుకుంది. గంగమ్మ జాతరలా ఉందే అని వెక్కిరించేవాణ్ణి. "నా కండ్లకు నీ పచ్చ ఆనదురా" అనేది.

అక్కకు ఒక అలవాటు ఉండేది. నేను పని చేస్తుంటే వచ్చి నా కుర్చీ వెనక నిలబడేది. తప్పు కనిపిస్తే నోటితో చెప్పేది కాదు. తెర మీద ఆ వరుస మీద వేలు పెట్టి ఊరికే నిలబడేది. నేను చూసి దిద్దేదాకా వేలు తీసేది కాదు. చదువుకున్నవాణ్ణని నాకు చిర్రెత్తేది. "వెనక నిలబడొద్దు, పో అక్కా" అనేవాణ్ణి. మారుమాట లేకుండా పోయేది. వీధి చివర బంకులో టీ తాగి, నేను పిలవకపోయినా తనే మళ్ళీ వచ్చేది. చిన్నప్పుడు నల్లమాడలో ఉన్నప్పటి నుంచీ అంతే. నేను హోంవర్క్ చేసుకుంటుంటే వెనక నుంచి తొంగి చూసేది, నేను పొమ్మనేవాణ్ణి, పోయేది.

పోయిన ఏడాది వానాకాలం మొదట్లో అక్కకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. అనంతపురం తీసుకుపోయేసరికి ఒంట్లో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

కొట్టు కొన్నాళ్ళు మూసి, మళ్ళీ తెరిచాను. అక్క సెట్టింగుల ఫైలు "అక్క" అనే పేరుతో అలాగే ఉంది. దాన్ని తీసేయడానికి చేయి రాలేదు, తెరవడానికి మనసు రాలేదు.

అప్పటికి చేతిలో ఉన్న పెద్ద పని నాగప్పన్నది. నాగప్పన్న మా కొట్టు పెట్టినప్పటి నుంచీ మా దగ్గరే అట్టలు కొట్టించుకునే నేతగాడు. మరమగ్గాల చీరలు వచ్చిపడ్డాక ఆయన మగ్గం చాలాకాలం ఉత్తగా ఉంది. ఎట్టకేలకు ఒక షావుకారు పట్టు, జరీ ఇచ్చి, పెళ్ళి చీరలు నేయమన్నాడు. కొంగులో మెడలు ఆనించుకున్న జంట నెమళ్ళు ఉండాలన్నాడు. మొదటి చీర నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. నచ్చకపోతే నాగప్పన్న మగ్గం కట్టిపెట్టి బెంగళూరుకు వాచ్‌మన్ పనికి పోవాల్సిందే. ఆ సంగతి ఆయనే మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఆ వయసులో ఒకరి గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చోవడం తలుచుకుంటేనే ఆయనకు ప్రాణం చచ్చిపోయేది.

జంట నెమళ్ళకు రెండు నెమళ్ళూ గీయక్కర్లేదు. ఒకదాన్ని గీసి, దాని వరుసలను తిరగేసి కింద పెడితే రెండోది ఎదురుగా వస్తుంది. ఒక్కటే జాగ్రత్త. రెండు మెడలు కలిసే చోట ఉండే అట్టను మా వాళ్ళు నడిమట్ట అంటారు. అది రెండింటికీ ఉమ్మడి. అక్క ఎన్నిసార్లు చెప్పిందో, "నడిమట్ట ఒకటే పడల్ల" అని. తన సెట్టింగుల్లో తిరగేయడానికి ఒక మీట రాసుకుంది. అది నడిమట్టను వదిలేసి మిగతావి తిరగేస్తుంది. నా సెట్టింగుల్లోనూ అలాంటి మీటే ఒకటి ఉంది. చిన్న చిన్న పూల బుటాల కోసం తొందరలో రాసుకున్నది. అది అన్ని వరుసలనూ తిరగేసి పెట్టేస్తుంది.

ఒక నెమలిని అక్క పోకముందే గీసి పెట్టింది. రెండోది నేను చేశాను. నా సెట్టింగులతో, నా మీటతో. నడిమట్ట మాట ఆ పూట నాకు తట్టలేదు. అక్క గీసిన ఫైలు కళ్ళ ముందు పెట్టుకుని ఎక్కువసేపు కూర్చోలేక, పని తొందరగా ముగించాలని చూశాను.

మర్నాడు మధ్యాహ్నం అట్టలు కొట్టాలి. నాగప్పన్న భార్య లింగమ్మ వదిన అట్టలు తీసుకుపోదామని వచ్చి, బయట అరుగు మీద కూర్చుంది. బయట ఎండ కళ్ళు పొడుస్తోంది. కొట్లో వెలుతురుకు ఏమీ కొదవ లేదు. మిషన్‌కు పంపే ముందు ఒకసారి చూద్దామని, మైనస్ యు పెట్టి, నా పేరు ఇచ్చి ఫైలు తెరిచాను.

తెర మీద పసుపు అక్షరాలు వచ్చాయి. మధ్యలో నీలం పట్టీ.

చేతి అలవాటున అక్క పేరు కొట్టి ఉంటాననుకున్నాను. మూసి, ఒక్కో అక్షరం చూసి కొట్టి, మళ్ళీ తెరిచాను. పసుపే. నా ఫైల్లోకి అక్క ఫైలు ఎలాగో కాపీ అయిందేమో అనుకుని చూశాను. నా ఫైలు నాలాగే ఉంది. సరే, ఎవరివీ వద్దు అని నన్ ఇచ్చాను. అప్పుడు తెల్ల అక్షరాలు తప్ప ఇంకేమీ రాకూడదు. పసుపే వచ్చింది. పట్టీ అక్కడే ఉంది.

నవ్వొచ్చింది మొదట. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే నా క్లాస్‌మేట్‌ను అడుగుదామని ఫోన్‌తో ఫోటో తీసి పంపాను. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. వాడి నుంచి జవాబు రాలేదు. ఈలోగా అక్క ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాను. కంప్యూటర్‌లోంచి ఫైలు తీసేశాను. వెతికిస్తే ఆ పేరుతో ఏదీ లేదని చెప్పింది. కంప్యూటర్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, నన్ అని కొట్టాను.

పసుపు అక్షరాలు. నీలం పట్టీ. అదే చోట.

అప్పుడు నాకు వీపు మీద తెలిసింది. చల్లగాలి లాంటిదేమీ కాదు, వాసనా కాదు. మనిషి వెనక నిలబడితే తిరిగి చూడకుండానే తెలుస్తుంది చూడండి, అంతే. రోజూ తెలిసినట్టే తెలిసింది. నేను తిరిగి చూడలేదు. కుర్చీ పడదోసుకుని బయటికి పరిగెత్తాను.

లింగమ్మ వదిన నన్ను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చింది. చుట్టూ పదిమంది చేరారు. జరిగింది చెప్పాను. నమ్మకాలు లేని ఈ సూరిగాడు వణుకుతుంటే కొందరికి భలే సరదాగా ఉంది. వదిన మాత్రం నవ్వలేదు.

"సుజాతమ్మకు కొట్టు మీద మనసు ఉండాది" అంది. "బూడిద గుమ్మడికాయ కొట్టి, పొమ్మని చెప్పల్ల. బయటోళ్ళు చెప్తే పోరు. నువ్వే చెప్పల్ల."

నేనేం చేశానో రాయడానికి ఇప్పుడు చేయి ఆగుతోంది. కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి, కంప్యూటర్‌కు దిష్టి తీయించాను. వదినే పరుగున పోయి గుమ్మడికాయ తెచ్చింది, కర్పూరం తెచ్చింది. గడప ముందు కాయ పగిలింది. నేను గడప బయటే నిలబడి, లోపలికి చూడకుండా, తల దించుకుని చెప్పాను.

"పో అక్కా. మళ్ళీ ఈడికి రావద్దు."

ఎప్పుడూ చెప్పే మాటే. రెండో ముక్క మాత్రం ఎప్పుడూ అనలేదు.

లోపలికి పోయి తెరిస్తే పచ్చ అక్షరాలు వచ్చాయి. నా సెట్టింగులు. నన్ ఇస్తే తెల్లవి వచ్చాయి. అంతా సక్రమంగా ఉంది. ప్రాణం కుదుటపడి, ఫైలు మళ్ళీ చూడకుండానే మిషన్‌కు పంపాను. చీకటి పడకముందే వదిన అట్టల దండ మోసుకుని పోయింది. పోతూ, "నువ్వు బాగుండల్లప్పా" అని నా తల మీద చేయి పెట్టింది.

కొన్నాళ్ళకు నాగప్పన్న చీర పట్టుకుని వచ్చాడు. కొంగు విప్పి ఎండలో పరిచాడు. జంట నెమళ్ళ మెడలు కలిసే చోట, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, జరీ రెండు పోగులు ఒకే చోట పడి లావుగా ఒక గీత వచ్చింది. కొంగులో ఎన్ని జంటలు ఉంటే అన్ని గీతలు. నడిమట్ట రెండుసార్లు పడింది.

వేరే చీరయితే ఎవరూ పట్టించుకోకపోదురు. పెళ్ళి చీరలో జంటను విడదీసినట్టు గీత. షావుకారు దాన్ని చేత్తో ముట్టుకోలేదట. శుభమా అని కట్టుకునే చీర ఇది, ఏ తల్లి కొంటుంది దీన్ని అన్నాడట.

మా వైపు చీరను మగ్గం మీద తిరగేసి నేస్తారు. మంచి వైపు కిందికి ఉంటుంది. కొత్త డిజైన్ అయితే కింద అద్దం పెట్టి చూసుకుంటూ నేస్తారు. నాగప్పన్నకు అది తెలియక కాదు.

"అద్దం పెట్టల్లనే అనుకుంటి" అన్నాడు. "సుజాతమ్మ కొట్టు అట్టలకు అద్దమెందుకులే అని ఇడిసిపెడితి. తప్పు నాదే లేప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. అట్టలు మళ్ళీ కొట్టి ఇస్తానని, షావుకారు దగ్గరికి నేను కూడా వస్తానని అన్నాను. ఇద్దరం పోయాం. నా తప్పేనని చెప్పాను. ఆయన అంతా విన్నాడు. అప్పటికే మగ్గం మీది పడుగు వేరేవాళ్ళకు ఇచ్చేసే ఏర్పాటు చేశానన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని. నాగప్పన్న తిరిగొచ్చి మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంత మీద పలకలు వేసి, వాటి మీద చాప పరిచాడు. ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉంటున్నాడు. లింగమ్మ వదిన కూడా ఆయనతోనే పోయింది.

చీర వెనక్కి వచ్చిన రోజే ఫోన్‌లో ఆ ఫోటో తెరిచాను. అంతకుముందు దాన్ని చూడాలనిపించలేదు. పెద్దది చేసి చూశాను. పసుపు ఇంటూలు, పసుపు చుక్కలు. నెమళ్ళ మెడలు కలిసే చోట ఒకేలాంటి వరుసలు రెండు, ఒకదాని కింద ఒకటి. నీలం పట్టీ ఆ రెండోదాని మీద ఉంది.

అది ఆ రోజు కూడా అక్కడే ఉంది. ఎన్నిసార్లు తెరిచినా అక్కడే ఉంది. నేను రంగు చూసి బెదిరానే తప్ప, పట్టీ ఏ వరుస మీద ఉందో చూడలేదు. దిద్దేదాకా అక్క వేలు తీయకుండా ఉంటే, దిష్టి తీయించి పొమ్మన్నాను. వెనక ఉన్నది అక్క అనిపించిన ఆ క్షణంలో తిరిగి ఒక్కసారి మొహం చూడలేకపోయాను. సొంత అక్కకు భయపడ్డాను. నా సిగ్గు ఇదీ.

నా క్లాస్‌మేట్ తర్వాత ఫోన్ చేశాడు. నువ్వు టైపు చేయడంలో పొరపాటు పడి ఉంటావన్నాడు. లేకపోతే సెట్టింగుల కాపీ ఇంకెక్కడో ఉండి ఉంటుందన్నాడు. దుఃఖంలో ఉన్న మనిషికి అన్నీ అలాగే కనిపిస్తాయి అని కూడా అన్నాడు. కాదనను. నేనూ వేరేవాళ్ళకు అదే చెప్పి ఉండేవాణ్ణి. రంగుల సంగతి వాడు చెప్పినట్టే అనుకుందాం. కానీ ఎడిటర్ ఏ ఫైలునైనా మొదటి వరుస దగ్గర తెరుస్తుంది. వేరే వరుస కావాలంటే ఆ నంబరు మనం ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. అక్క ఫైలును పెన్‌డ్రైవ్‌లోంచి తీసి, మొదటి నుంచి చివరిదాకా చదివాను. రంగులు ఉన్నాయి, పట్టీ ఉంది, తిరగేసే మీట ఉంది. కర్సర్‌ను ఫలానా వరుసకు తీసుకుపొమ్మని ఒక్క ముక్క కూడా లేదు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ రోజు వచ్చింది దయ్యం అని నేను అనను.

అక్క ఫైలును మళ్ళీ కంప్యూటర్‌లో పెట్టాను. ఇప్పుడు ఏ పని వచ్చినా మైనస్ యు పెట్టి అక్క పేరే ఇస్తాను. పసుపు అక్షరాలు వస్తాయి. నీలం పట్టీ వస్తుంది, మొదటి వరుస మీద. ఎక్కడైనా తప్పు పెట్టి చూద్దామని కావాలనే ఒకటి రెండు వరుసలు పాడుచేసి తెరిచాను. మొదటి వరుస మీదే ఉంది.

కొట్లో ఎవరూ లేనప్పుడు రా అక్కా అని కూడా అన్నాను. ఆ మాట నాకు అలవాటు లేదు. పుట్టి బుద్ధెరిగాక అక్కను పొమ్మనడమే గానీ రమ్మని పిలిచింది లేదు. ఎప్పుడూ తనే వచ్చేది.